ప్రార్థన జత ఎట్లా కట్టాలి

గుడి బయట 'వందనాలమ్మా' అని చేతులు జోడించేవాళ్లు నాకు బోలెడు మంది. అర్ధరాత్రి తలుపు కొట్టగలిగేది మాత్రం వెనక వీధి వదిన ఇల్లే. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకోబట్టి పద్నాలుగేళ్లు. మా డోర్నకల్ క్రైస్తవ సంఘానికి కోడళ్లుగా వచ్చిన పిల్లలు 'మేమెట్లా మొదలుపెట్టాలక్కా' అని అడుగుతుంటే రాస్తున్నా.

ముందు మనిషిని చూసుకోండి. ధారాళంగా ప్రార్థన చేసేవాళ్లే కావాలనేం లేదు. మీ బాధ వింటూ మధ్యలో తన కథ ఎత్తుకోని మనిషైతే చాలు. ఇద్దరుంటే మంచిది, ముగ్గురైనా సరే. నలుగురైతే అది కూడికే, పాస్టరయ్యగారిని పిలవాల్సొస్తుంది.

రోజు ఖాయం చేసుకోండి. మాది బుధవారం పదకొండు గంటలకు, అరగంట. టీ ప్రార్థన అయ్యాకే. ముందే పెడితే కబుర్లు తెగవు.

ఒక లాంగ్ నోట్‌బుక్కు కొనండి. ఎడమ పేజీలో తేదీ వేసి విన్నపం రాయండి, కుడి పేజీ జవాబుకి వదిలేయండి. మా పుస్తకంలో 'చిన్నోడి సప్లీ' మూడుసార్లుంది, మూడోదానికి టిక్కు పడింది. 'వదిన మోకాలు' అని 2019లో రాశాం, దానికెదురు పేజీ ఇప్పటికీ ఖాళీయే. బైబిలు తెరవబుద్ధి కాని రోజున ఈ పుస్తకం తిరగేస్తాం.

ఇక గుట్టు సంగతి. ఇక్కడ నేనే తప్పు చేశాను. వదిన తన కొడుకు తాగుడు గురించి ఏడ్చింది. నేను శుక్రవారం స్త్రీల కూడికలో 'ఒక సహోదరి కొడుకు కోసం ప్రార్థించండి' అన్నాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నా. మా కూడికలో ఉండేదే పదహారు మంది, ఎవరి కొడుకో తెలీదా? వదిన గుమ్మంలోనే నిలబడి, 'నీకు చెప్పింది దేవునికి చెప్పమని. ఊరికి చెప్పమన్నానా?' అంది. ఐదు బుధవారాలు రాలేదు. ఆరో బుధవారం నేనే పోయి కాళ్లు పట్టుకున్నా. విన్నపం ఎవరిదో వాళ్లు నోరు తెరిచి ఒప్పుకుంటే తప్ప బయట ఎత్తొద్దు. ప్రార్థన పేరుతో చెప్పినా చాడీ చాడీయే.

ఇంకొకటి, ఇచ్చే చెయ్యి ఎప్పుడూ మీదే కాకూడదు. మా గుడి కట్టించిన అజరయ్యగారు తమిళదేశం నుంచి మన తెలుగువాళ్ల మధ్యకి వచ్చినాయన. 1912లో బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ఎదుట నిలబడి, మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితుల్ని కూడా ఇవ్వండి అని అడిగారు. ఆ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. మా ఆయన రైల్వే జీతం ఉంది కదా అని నేను వదినకి బియ్యం, పప్పు పంపేదాన్ని. ఆమె తీసుకునేది గానీ ముడుచుకుపోయేది. ఒకరోజు 'నా జాకెట్లకి హుక్కులు కుట్టి పెట్టవా వదినా' అనడిగా. ఆ పూట మా ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. మీరూ ఏదో ఒకటి అడగండి, చిన్నదైనా సరే.

ఆదివారం గుడికి రాకపోతే సోమవారం ఇంటికి పోండి. 'ఎందుకు రాలేదు' అనకుండా 'తిన్నావా' అనండి.

చావు ఇంట్లో మాత్రం వాక్యం చెప్పడానికి తొందరపడొద్దు. బైబిల్లో, పిల్లల్ని పోగొట్టుకున్న యోబుని ఓదార్చను వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద ఊరికే కూర్చున్నంతసేపూ మంచివాళ్లే, నోరు విప్పాకే చెడ్డారు. మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ 'దేవుని చిత్తమమ్మా' అన్నారు. వదిన ఆ మాట అనలేదు. తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది. మూడో రోజు నన్ను పీట మీద కూర్చోబెట్టి, అట్టకట్టిన జుట్టుకి కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి జడ వేసింది. ఆ బుధవారం మేం పుస్తకం తెరవలేదు.