అంబాసిడర్ 1489 సీసీ ఇంజను: మొదటిసారి విప్పి బిగించేవారికి

పాత కారు ఇంజను పనిని తొలిసారి సొంతంగా చేయాలనుకునేవారికి అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజనుకంటే అనువైనది మన దేశంలో దొరకడం కష్టం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌కు చెందిన ఈ ఇంజను 1959లో పాత సైడ్ వాల్వ్ ఇంజను స్థానంలో అంబాసిడర్‌లోకి వచ్చింది. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులుంటాయి. క్యామ్ షాఫ్టు బ్లాకులోనే ఒక పక్కగా తిరుగుతూ పుష్ రాడ్ల ద్వారా వాల్వులను తెరుస్తుంది. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు. ఉత్తరపారా కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయినా దీని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. బ్లాకు బోరు చేసే, క్రాంకు గ్రైండు చేసే షాపులు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఉన్నాయి. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజను, డీజిలు ఇంజను వేరు కాబట్టి ఇక్కడ చెప్పే కొలతలను వాటికి వాడకూడదు.

ఈ పనిలో పానాతో చేసేది తక్కువ, కడగడం, కొలవడం ఎక్కువ. కొలవకముందే పిస్టన్లు, రింగులు, బేరింగుల పూర్తి సెట్టు కొని తెచ్చుకునే అలవాటు చాలామందికి ఉంది. సైజు తెలియకుండా కొన్న ఆ పెట్టె చివరికి అల్మరాలోనే మిగులుతుంది.

విప్పకముందే తెలుసుకోవలసినవి

బండి నడిచే స్థితిలో ఉంటే ముందుగా కంప్రెషన్ (సిలిండరులో పుట్టే ఒత్తిడి) కొలవాలి. ఇంజనును వేడెక్కించి, కాయిల్ వైరు తప్పించి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి పట్టి, సెల్ఫు కొడుతూ ఒక్కో సిలిండరు రీడింగు రాసుకోండి. ఏదైనా సిలిండరులో తక్కువ వస్తే అందులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. అప్పుడు రీడింగు బాగా పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, పిస్టన్ ఆడే గొట్టమైన బోరో అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో మాత్రమే తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషరు ఎంత ఉందో కూడా చూడాలి. కింద నాకింగ్ లేకుండా, ప్రెషరు నిలకడగా ఉండి, లోపం వాల్వులకే పరిమితమైతే హెడ్డు ఒక్కటి దించి బాగుచేయడమే తెలివైన పని. మంచి బ్లాకును ఉత్సాహం కొద్దీ విప్పనవసరం లేదు.

ఇంజను నంబరును ఆర్‌సీలోని నంబరుతో సరిచూసి ఫోటో తీసి పెట్టుకోండి. బ్లాకు పగిలి వేరే బ్లాకు వేయవలసి వస్తే రవాణా శాఖ రికార్డులో మార్పు చేయించక తప్పదు.

ఇంజను దించడంలో పెద్ద రహస్యం లేదు. బ్యాటరీ వైరు తీసి, నీళ్లు, ఆయిలు వంపేసి, బానెట్టు, రేడియేటరు విప్పి, చైన్ పుల్లీతో ఎత్తాలి. ఎత్తిన ఇంజను కిందికి ఎవరూ చేతులు పెట్టకూడదు.

విప్పేటప్పుడు

ప్రతి భాగమూ ఉన్న చోటికే తిరిగి వెళ్లాలి. మెయిన్ బేరింగు క్యాపులను బ్లాకుతో కలిపే లైన్ బోర్ చేస్తారు (అన్నిటినీ ఒకే వరుసలో తొలుస్తారు) కాబట్టి అవి ఒకదాని స్థానంలో మరొకటి, లేదా వెనుకాముందుగా కూర్చోవు. కనెక్టింగ్ రాడ్లకూ వాటి క్యాపులకూ ఇదే వర్తిస్తుంది. గుర్తులు కనిపించకపోతే విప్పకముందే సెంటర్ పంచితో చుక్కలు కొట్టుకోవాలి. ఈ ఇంజనులో రాడ్డుకు క్రాంకు వైపున్న చివర, అంటే బిగ్ ఎండ్, అడ్డంగా కాక ఏటవాలుగా చీలి ఉంటుంది. రాడ్డు బోరులోంచి పైకి రావడానికే ఆ ఏర్పాటు. అందువల్ల పిస్టన్లను పైనుంచే తీయాలి. అయితే రింగులు తిరిగే హద్దుకు పైన, అరగని అంచు బోరులో గట్టులా నిలబడి ఉంటుంది. గోటితో గీస్తే తగిలే ఆ గట్టును ముందుగా రిడ్జ్ రీమరుతో తీసేయకుండా పిస్టన్‌ను నెడితే రింగులు, వాటి గాళ్లు దెబ్బతింటాయి.

క్యామ్ మీద ఆనే ట్యాపెట్లను బ్లాకు పక్కనున్న రెండు మూతలు తీసి బయటికి తీయవచ్చు. కోడిగుడ్ల అట్టలో వరుస సంఖ్యలు వేసి, ఒక్కో గుంటలో ఒక ట్యాపెట్టూ దాని పుష్ రాడ్డూ నిలబెట్టుకుంటే కలిసిపోవు. పాత క్యామ్ మళ్లీ వాడదలిస్తే ప్రతి ట్యాపెట్టూ తన పాత లోబు (క్యామ్ మీది ఉబ్బు) మీదికే వెళ్లాలి. కొత్త క్యామ్ వేస్తే ట్యాపెట్లన్నీ కొత్తవే వేయాలి. క్యామ్ కొత్తదై ట్యాపెట్లు పాతవైతే లోబు త్వరగా అరిగిపోతుంది.

కడగడం, కొలవడం

బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు, ఆయిల్ గ్యాలరీ చివరలనున్న ప్లగ్గులు తప్పకుండా తీయాలి. ఏళ్ల తరబడి బోరుబావి నీళ్లు పోసి నడిపిన బండ్లలో సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే దారిలో సున్నపు పొర, తుప్పు గట్టిగా పేరుకుపోతాయి; వెనుక సిలిండరు దగ్గర మరీ ఎక్కువ. బయట ఎంత మెరిసేలా కడిగినా ఆ పొర లోపల ఉండిపోతే ఎండాకాలంలో ఇంజను వేడెక్కక మానదు. ఆయిల్ దారుల్లోకి పొడవాటి సన్నని బ్రష్షు పోనిచ్చి, డీజిలుతో కడిగి, గాలి కొట్టాలి.

కొలతకు మైక్రోమీటరు, బోర్ గేజి కావాలి. లేకపోతే బోరింగు షాపులో మీ ఎదుటే కొలిపించి కాగితం మీద రాయించుకోండి. అసలు బోరు 73.025 మిల్లీమీటర్లు, అంటే 2.875 అంగుళాలు. స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. ప్రతి బోరునూ పైన, మధ్యలో, కింద, క్రాంకు పొడవు దిశలోనూ దానికి అడ్డంగానూ, మొత్తం ఆరు చోట్ల కొలవాలి. అరుగుదల పైభాగంలో, అడ్డదిశలో ఎక్కువగా ఉంటుంది. అది ఈ ఇంజను వర్క్‌షాప్ మాన్యువల్ ఇచ్చిన హద్దు దాటితే బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. అంగుళంలో వెయ్యో వంతును షాపుల్లో థౌ అంటారు. సైజులు సాధారణంగా 10, 20, 30, 40 థౌ. పాత యజమాని ఇదివరకే 40 చేయించి ఉంటే స్లీవు (బోరులో బిగించే కొత్త గొట్టం) వేయించడమో వేరే బ్లాకు వెతకడమో చేయాలి.

ఇక్కడ ఒక క్రమం పాటించాలి. ముందు పిస్టన్లు కొని, అవి చేతికి వచ్చాక, వాటిని కొలిచి వాటికి తగినట్టుగా బోరు చేయించాలి. పెట్టె మీద 30 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీల పిస్టన్లూ ఒకే కొలతలో రావు.

క్రాంకు మెయిన్ జర్నల్ (బేరింగులో తిరిగే నున్నని భాగం) అసలు కొలత 2 అంగుళాలు. ప్రతి జర్నల్‌నూ చుట్టూ కొన్ని చోట్ల కొలిచి గుండ్రతనం చూడాలి. గీతలు, అండాకారం ఉంటే గ్రైండు చేయించి అండర్‌సైజు బేరింగులు వేయాలి. పాత బేరింగు షెల్లు వెనుక 010, 020 వంటి అంకె ఉంటే ఇదివరకు ఎంత గ్రైండు చేశారో తెలుస్తుంది.

షాపు నుంచి వచ్చిన బ్లాకును డీజిలుతో తుడిచి సరిపెట్టకూడదు. బోరును రాయితో రుద్దే హోనింగులో రాలిన రాతిపొడి బోరు గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షుతోనే అది వదులుతుంది. తెల్లని గుడ్డకు కాస్త ఆయిలు రాసి బోరు తుడిస్తే గుడ్డ బూడిదరంగుకు మారినంతసేపూ కడుగుతూనే ఉండాలి. శుభ్రమయ్యాక వెంటనే ఆయిలు పూయకపోతే గంటలోనే తుప్పు పట్టడం మొదలవుతుంది.

హెడ్డు

హెడ్డుకు పగుళ్లు ఉన్నాయేమో ప్రెషరు పెట్టి పరీక్ష చేయించాలి. వాల్వు కాడకూ గైడుకూ మధ్య ఆట ఎక్కువైతే గైడులు మార్చాలి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. ఈ హెడ్డులోని మెత్తని ఇనుప సీట్లను ఆ సీసమే కాపాడేది. ఎలాగూ హెడ్డు షాపుకు వెళ్తుంది కాబట్టి ఎగ్జాస్టు వైపు గట్టి సీటు రింగులు వేయించడం మంచిది. గ్రైండింగు పేస్టుతో వాల్వులను సీటు మీద రుద్దాక, తెగకుండా ఒకే వెడల్పులో బూడిదరంగు వలయం రావాలి. పేస్టు మిగిలిపోకుండా కడగాలి.

బిగింపు

బేరింగు షెల్లు వెనుక భాగం, అది కూర్చునే చోటు పొడిగా ఉండాలి. ఆయిలు షెల్లు లోపలి ముఖానికే. ఆయిలు రాయకముందే ప్లాస్టిగేజ్ అనే నలిగే సన్నని ప్లాస్టిక్ దారం పెట్టి, క్యాపు బిగించి, విప్పి, నలిగిన దారం వెడల్పును బట్టి క్లియరెన్సు (బేరింగుకూ జర్నల్‌కూ మధ్య సందు) చూసుకోవాలి. మెయిన్ క్యాపులకు 70 పౌండ్ అడుగుల టార్కు (బిగింపు బలం), అంటే సుమారు 95 న్యూటన్ మీటర్లు. బిగ్ ఎండ్‌కు 35, అంటే సుమారు 47. ఒక్కో క్యాపు బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. క్యాపులన్నీ బిగించాక బిగుసుకుందంటే తప్పు ఎక్కడుందో వెతకాలి, మొదటిదానికే బిగుసుకుంటే వెతకనక్కర లేదు. మధ్య మెయిన్ దగ్గరుండే థ్రస్టు వాషర్ల గాళ్లు క్రాంకు వైపు చూడాలి. క్రాంకు ముందుకూ వెనక్కూ ఆడే ఆట రెండు మూడు థౌ ఉంటే చాలు.

ప్రతి రింగునూ దాని బోరులోనే పెట్టి, పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజితో గ్యాప్ కొలవాలి. 8 నుంచి 13 థౌ ఉండాలి. తక్కువైతే సన్నని ఆకురాయితో చివరను రుద్దాలి. రింగుల గ్యాపులు ఒకే వరుసలోకి రాకుండా తిప్పి పెట్టి, రింగు కంప్రెసరు బిగించి, సుత్తి పిడితో మెల్లగా తట్టాలి. ఎక్కడైనా ఆగిందంటే రింగు బయటికి వచ్చినట్టే. అక్కడ గట్టిగా కొట్టకూడదు.

టైమింగ్ చక్రాల మీది రెండు చుక్కలూ ఎదురెదురుగా వచ్చేలా చైను వేయాలి. డిస్ట్రిబ్యూటరు అమర్చేటప్పుడు ఒకటో సిలిండరు కంప్రెషన్ చివర, రెండు వాల్వులూ మూసి ఉన్నాయని విడిగా చూసుకోవాలి. ఫైరింగ్ వరుస 1-3-4-2. ఆయిల్ పంపును ఆయిలుతో నింపి బిగించాలి. ఈ ఇంజను అసలు రూపకల్పనలో క్రాంకు వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. ఆయిలును వెనక్కి తోసే మరలాంటి గాడి మాత్రమే ఉంటుంది. ఎంత బాగా బిగించినా అక్కడ ఒకటి రెండు చుక్కలు కారితే బెంగపడనక్కర లేదు.

హెడ్డు నట్లను మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, మాన్యువల్ టార్కుకు బిగించాలి. ట్యాపెట్ సెట్టింగుకు, అంటే వాల్వు పైన ఉండాల్సిన సందు సర్దడానికి, తొమ్మిది లెక్క ఉంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. తెరుచుకున్నదాన్నీ సర్దేదాన్నీ కూడితే ఎప్పుడూ తొమ్మిదే.

మొదటి స్టార్టు

20డబ్ల్యు-50 ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండా, ప్రెషరు ముల్లు లేచేదాకా ఆగి ఆగి సెల్ఫు కొట్టాలి. ముల్లు లేవకపోతే ప్లగ్గులు పెట్టకూడదు. ఎండిపోయిన పెట్రోలు గొట్టాలను ముందే మార్చుకోండి. కొత్త క్యామ్ వేసి ఉంటే, ఆయిల్ ప్రెషరు, నీటి వేడి చూస్తూ, స్టార్టు కాగానే ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎం దగ్గర నడపాలి. మెల్లగా తిరిగే వేగంలో లోబులకు చాలినంత ఆయిలు చిమ్మదు. ఆ తర్వాత మొదటి 500 కిలోమీటర్లు బరువు లేకుండా, ఒకే వేగానికి అంటిపెట్టుకోకుండా నడిపి, హెడ్డు టార్కు, ట్యాపెట్లు మళ్లీ చూసి, ఆయిలు, ఫిల్టరు మార్చాలి. తీసిన ఆయిలును పళ్లెంలో ఎండలో పెట్టి చూడండి. బూడిదరంగు సన్నని పొడి కనిపిస్తే అది రింగులు కుదురుకోవడం వల్ల వచ్చేది. రాగిరంగు మెరుపుగానీ రేకుల్లాంటి ముక్కలుగానీ కనిపిస్తే బండి కదపకుండా చాంబరు (ఇంజను కింది ఆయిలు తొట్టి) దించి బేరింగులు చూడాలి.