వైఫై రిపీటర్‌ను రీసెట్ చేసి మళ్లీ సెట్ చేసుకోవడం ఎలా?

హాల్లో నెట్ బాగానే వస్తుంది. వెనక గదిలోకి వెళ్తే వీడియో తిరుగుతూనే ఉంటుంది. నెల్లూరు, ఒంగోలులో మిద్దె మీద మిద్దె వేసుకున్న ఇళ్లలోనూ, మార్కాపురం, కనిగిరి వైపు మందపాటి రాతిగోడల పాత ఇళ్లలోనూ ఈ బాధ మామూలే. రాయి, కాంక్రీటు స్లాబు, అందులోని ఇనుప చువ్వలు సిగ్నల్‌ను తినేస్తాయి. అందుకని ఇంట్లోని వైఫైని అందుకుని అవతలి గదికి పంపే రిపీటర్ అనే చిన్న పరికరం కొని పెట్టుకుంటారు. కొన్నాళ్లకు కేబుల్ ఆయన వచ్చి బాక్సో పాస్‌వర్డో మార్చి వెళ్తాడు. రిపీటర్‌కి మాత్రం పాత పేరు, పాత పాస్‌వర్డే గుర్తు. అక్కడితో ఆగిపోతుంది. అది చెడిపోయిందనుకుని చాలామంది కొత్తది కొంటారు. ఆ ఖర్చు అక్కర్లేదు, రీసెట్ చేసి కొత్త పాస్‌వర్డ్ ఇస్తే చాలు.

ఏ బాక్సును నొక్కుతున్నారో ముందు చూసుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫైబర్ వైరు వచ్చి చేరే మెయిన్ బాక్సుకి కూడా వెనక ఒక చిన్న రంధ్రం, రీసెట్ బటన్ ఉంటాయి. దాన్ని పొరపాటున కూడా నొక్కొద్దు. మీ కనెక్షన్‌కి ఆపరేటర్ పెట్టిన లాగిన్, ఇతర సెట్టింగులు అందులోనే ఉంటాయి. అవి చెరిగిపోతే ఆపరేటర్ మనిషి వచ్చి మళ్లీ పెట్టేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. మనం రీసెట్ చేయాల్సింది గోడ సాకెట్టుకి గుచ్చి ఉండే చిన్న రిపీటర్‌ను మాత్రమే.

పాస్‌వర్డ్ ఏమీ మారకుండానే రిపీటర్ ఆగిపోయిందా? అప్పుడు రీసెట్ దాకా పోవద్దు. మెయిన్ బాక్సు ఆపి, ఆన్ చేసి, దాని లైట్లన్నీ కుదురుకున్నాక రిపీటర్‌ను తీసి మళ్లీ గుచ్చండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది.

రీసెట్

రిపీటర్‌ను మెయిన్ బాక్సు ఉన్న గదిలోకే తెచ్చి గుచ్చండి. పవర్ లైటు నిలకడగా వెలిగేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఫోన్ సిమ్ తీసే పిన్ను గానీ, సాగదీసిన జెమ్ క్లిప్పు గానీ తీసుకుని, రీసెట్ అని రాసి ఉన్న రంధ్రంలో లోపలి బటన్ తగిలేలా నొక్కి పట్టుకోండి. మామూలుగా 10 సెకన్లు పడుతుంది. కొన్ని మోడళ్లకు అంతకన్నా తక్కువే చాలు. లైట్లన్నీ ఒక్కసారిగా మెరిసినా, ఆరి వెలిగినా పని అయినట్టే, వదిలేయండి. కరెంటు ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. సాకెట్టులోంచి తీసి చేతిలో పట్టుకుని నొక్కితే ఏమీ జరగదు.

మళ్లీ సెట్ చేయడం

తేలికైన దారి డబ్ల్యుపీఎస్ (WPS) బటన్, పాస్‌వర్డ్ కొట్టకుండానే రెండు పరికరాలను కలిపేది. మెయిన్ బాక్సు మీద ఆ బటన్ ఉంటే ఒకసారి నొక్కండి, 2 నిమిషాల్లోపు రిపీటర్ మీది బటన్ కూడా నొక్కండి. రెండూ వాటంతట అవే కలుస్తాయి.

ఆ బటన్ లేకపోతే ఫోన్‌తో చేయాలి. మొదట ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. ఇది ఆపకపోతే, రిపీటర్‌లో ఇంకా నెట్ లేదని చూసి ఫోన్ దాన్ని వదిలేసి సిమ్ డేటాకి వెళ్లిపోతుంది, సెట్టింగ్ పేజీ తెరుచుకోదు. తర్వాత వైఫై లిస్టులో రిపీటర్ కంపెనీ పేరుతో కొత్త నెట్‌వర్క్ కనిపిస్తుంది. దానికి కనెక్ట్ అవ్వండి. బ్రౌజర్‌లో పైన, రిపీటర్ వెనక స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టండి. టీపీ-లింక్ రిపీటర్లకు ఎక్కువగా 192.168.0.254, పేరు లేని చవక రకాల్లో చాలావాటికి 192.168.10.1 ఉంటుంది. మీ మోడల్‌కి స్టిక్కర్ మీద ఉన్నదే లెక్క.

పేజీ తెరుచుకోగానే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టమంటుంది, లేదా స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ అడుగుతుంది. లోపలికి వెళ్లాక చుట్టుపక్కల వైఫైల జాబితా వస్తుంది. మీ ఇంటి పేరు ఎంచుకుని, వైఫై పాస్‌వర్డ్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూసుకుంటూ కొట్టి, సేవ్ చేయండి. రిపీటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుంది.

రిపీటర్ వైఫైకి ఏ పేరు పెట్టాలి? మొదట వేరే పేరు పెట్టండి. అప్పుడు ఫోన్ దేనికి కనెక్ట్ అయిందో తెలుస్తుంది, స్పీడు సరిగ్గా చూసుకోవచ్చు. అంతా కుదిరాక మెయిన్ బాక్సు పేరు, పాస్‌వర్డే దీనికీ ఇచ్చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు గది మారినప్పుడల్లా వైఫై మార్చుకోవాల్సిన టెన్షన్ ఉండదు.

జాబితాలో మీ వైఫై పేరే కనిపించకపోతే కారణం ఎక్కువగా బ్యాండే, అంటే వైఫై నడిచే తరంగాల రకమే. చవక రిపీటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలవు. మెయిన్ బాక్సులో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే వాటికి ఏమీ కనపడదు. 2.4 కూడా ఆన్ చేయించండి. ఒక్కో బ్యాండ్‌లో చానళ్లనే చిన్న భాగాలుంటాయి. 2.4లో చానల్ 12, 13లో ఉన్నా కొన్ని రిపీటర్లు పట్టుకోలేవు, 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టించుకోండి. పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరైనదే అయినా కలవకపోతే మెయిన్ బాక్సు సెక్యూరిటీ సెట్టింగ్ డబ్ల్యుపీఏ3 (WPA3) అనే కొత్త రకంలో ఉందేమో చూడండి. పాత రిపీటర్లకు దానికి ముందుదైన డబ్ల్యుపీఏ2 (WPA2) కావాలి.

ఎక్కడ పెట్టాలి?

సెట్టింగులన్నీ సరిగ్గా చేసి ఇక్కడ దెబ్బతినేవాళ్లే ఎక్కువ. నెట్ రాని గదిలోనే రిపీటర్ గుచ్చుతారు. రిపీటర్ నెట్‌ను పుట్టించదు, అందిన సిగ్నల్‌నే ముందుకు పంపుతుంది. సంపులో నీళ్లు లేకుండా మోటారు వేస్తే ట్యాంకు నిండదు కదా, ఇదీ అంతే. మెయిన్ బాక్సుకీ సిగ్నల్ రాని గదికీ మధ్యలో, ఫోన్‌లో సిగ్నల్ ఇంకా బాగా కనిపిస్తున్న చోట పెట్టండి. మిద్దె మీదికైతే మెట్ల దగ్గర పెట్టడం మంచిది. మెట్ల దగ్గర స్లాబు తెరిచి ఉంటుంది కాబట్టి సిగ్నల్ పైకి సులువుగా వెళ్తుంది. చాలా రిపీటర్లలో సిగ్నల్ లైటు ఎర్రగా ఉంటే మెయిన్ బాక్సుకి దూరమైందని అర్థం, పచ్చగానో నీలంగానో మారేదాకా దగ్గరికి జరుపుకుంటూ రండి. ఇనుప బీరువా, ఫ్రిజ్ వెనక వద్దు. బాక్సుకీ రిపీటర్‌కీ మధ్య రేకుల గోడ కూడా ఉండకూడదు.

స్పీడు తగ్గడం చూసి కంగారు పడకండి. ఒకే బ్యాండ్ మీద తీసుకుని అదే బ్యాండ్ మీద పంపే రిపీటర్‌లో దాదాపు సగం పోతుంది. మెయిన్ బాక్సు దగ్గర 40 ఎంబీపీఎస్ వస్తే రిపీటర్ దగ్గర 20 రావడం సహజమే. వీడియో కాల్‌కి, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకి అది చాలు. తగ్గకూడదనుకుంటే, రిపీటర్‌కి లాన్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే రంధ్రం) ఉంటే మెయిన్ బాక్సు నుంచి కేబుల్ లాగి, కేబుల్‌లో వచ్చే నెట్‌ను వైఫైగా ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు కరెంటు పైపులు వేసేటప్పుడే దీనికి ఒక పైపు వేరుగా వేయించుకుంటే తర్వాత గోడలు పగలగొట్టే పని ఉండదు.

ఎండాకాలం కరెంటు పోయినప్పుడు మెయిన్ బాక్సు ఇన్వర్టర్ మీద నడుస్తున్నా, రిపీటర్ గుచ్చిన సాకెట్టుకి ఇన్వర్టర్ లైను లేకపోతే వెనక గదిలో నెట్ పోతుంది. ఏ సాకెట్టుకి లైను ఉందో ముందే చూసి పెట్టుకోండి.

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల దగ్గర కాపలా గదిలో సీసీ కెమెరాల కోసం ఇంట్లో వాడే రిపీటర్ కొంటున్నవాళ్లూ ఉన్నారు. ఇంటికీ గదికీ మధ్య దూరం ఎక్కువైతే అది పనిచేయదు. 100 మీటర్లలోపైతే నెట్‌వర్క్ కేబుల్ లాగొచ్చు. అంతకు మించితే ఒకదానికొకటి ఎదురుగా గురిపెట్టి బిగించే అవుట్‌డోర్ పరికరాల జత గానీ, ఫైబర్ వైరు గానీ వేయించుకోవాలి.