ఏటీవీ స్టార్ట్ కాలేదు, తేడా బ్యాటరీలో కాదు

వానాకాలమంతా షెడ్డులోనే ఉన్న ఏటీవీని (బైకులా హ్యాండిల్ ఉండే నాలుగు చక్రాల బండిని) మిరప చేలోకి మందు ట్యాంకు లాగడానికి బయటికి తీస్తే స్టార్ట్ కాలేదు. బటన్ నొక్కితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. గుంటూరులో అడిగితే బ్యాటరీ మార్చేయమన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. మల్టీమీటర్‌లో 12.6 వోల్టులు చూపిస్తోంది, బటన్ నొక్కినా పెద్దగా పడిపోవట్లేదు. నీరసించిన బ్యాటరీ అయితే ఆ క్షణంలో దిగజారిపోతుంది. అంటే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగుతోంది.

మీటరు వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి ఇంజిన్ బాడీకి ఆనించి బటన్ నొక్కాను. ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ని బాడీకి కలిపే వైరు) బాగుంటే అర వోల్టు కూడా దాటకూడదు, నాకు 9 దాటింది. ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద పచ్చటి పొడి, దాని కింద తుప్పు. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలైన్ పూశాను. (విప్పేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందు తీయాలి.)

ఇప్పుడు ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. ప్లగ్‌లో స్పార్క్ ఉంది, అంటే ఇక చూడాల్సింది పెట్రోలు. కార్బురేటర్ అడుగు స్క్రూ వదిలితే సీసాలోకి వార్నిష్ వాసన కొట్టే పెట్రోలు, దాని కింద నీటి బొట్లు దిగాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను ఇట్టే పీల్చుకుంటుంది. పైలట్ జెట్‌ను (స్టార్టింగ్‌లో పెట్రోలు అందించే సన్న రంధ్రపు ముక్కను) క్లీనర్ స్ప్రేతో కడిగి, వెలుతురుకు పెట్టి రంధ్రం కనబడ్డాకే బిగించాను. కొత్త పెట్రోలు పోసి, చోక్ లాగి నొక్కితే వెంటనే అందుకుంది.