పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకులకు నిద్ర నేర్పడం: ఏఎస్‌పీఎం సెట్ చేసే పద్ధతి

నా దగ్గర రాత్రింబవళ్లు నడిచే చిన్న సర్వర్ ఒకటుంది. అందులో నెట్‌వర్క్ కార్డు పెట్టాక, ఏ పనీ లేనప్పుడు 12 వాట్లు చూపించే ప్లగ్ మీటర్ 20కి ఎక్కి కూర్చుంది. అంత కరెంటు ఆ కార్డే తింటోందా అంటే, కాదు. కార్డుల్ని, ఎస్ఎస్‌డీల్ని ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకుల్లో ఒక్కటి మెలకువగా ఉన్నా చాలు, ప్రాసెసర్ కూడా లోతైన సీ-స్టేట్లలోకి, అంటే కరెంటు ఆదా చేసే తన నిద్ర స్థితుల్లోకి, దిగకుండా ఆగిపోతుంది. అందుకే ఖాళీగా ఉన్న లింకును నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం (యాక్టివ్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్) సెట్టింగ్ మీద ఒక సాయంత్రం ఖర్చుపెట్టినా దండగ కాదంటాను.

లింక్ పూర్తిగా మేలుకుని ఉంటే ఎల్0. ఎల్0ఎస్ చిన్న కునుకు, దాంతో పెద్దగా మిగిలేదేమీ ఉండదు. మనకు కావాల్సింది ఎల్1. దాని కింద ఎల్1.1, ఎల్1.2 ఉంటాయి, వాటిలో లింక్‌కి తాళం వేసే రిఫరెన్స్ క్లాక్ సిగ్నల్ కూడా ఆగుతుంది. ఎంత లోతు నిద్రైతే లేవడానికి అంత ఎక్కువ సమయం, అయినా అది మైక్రోసెకన్ల లెక్కే.

ముందు మీటర్ రీడింగ్ రాసిపెట్టుకోండి. లినక్స్‌లో పీసీఐ పరికరాల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని రెండు ‘వీ’ల ఆప్షన్‌తో (-vv), తప్పకుండా సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, నడపండి. సుడో లేకపోతే మనకు కావాల్సిన వివరాలు కనపడవు. ప్రతి కార్డు కింద రెండు వరుసలు చూడాలి: లింక్ క్యాప్ అంటే కార్డుకు చేతనైనది, లింక్ కంట్రోల్ అంటే ఇప్పుడు నడుస్తున్నది. నా కార్డుకి మొదటి దాంట్లో ‘ఏఎస్‌పీఎం ఎల్1’ అని ఉంది, రెండో దాంట్లో ‘డిజేబుల్డ్’ అని ఉంది. జబ్బు అక్కడే దొరికింది. కార్డు ఒక్కటే కాదు, లింక్‌కి అవతలి కొసన, ప్రాసెసర్ వైపు ఉండే రూట్ పోర్టు వరుస కూడా చూడండి, రెండు వైపులా ఎల్1 ఆన్‌లో ఉంటేనే లింక్ పడుకుంటుంది.

తర్వాత బయోస్‌లో ఆ స్లాట్‌కి ఏఎస్‌పీఎం ఆన్ చేయండి. అక్కడ ఆప్షన్ లేకపోతే లినక్స్ కెర్నల్‌లోని ఏఎస్‌పీఎం పాలసీని ‘పవర్‌సేవ్’ చేయండి. ఎల్1.2 దాకా వెళ్లాలంటే ‘పవర్‌సూపర్‌సేవ్’. విండోస్‌లో అయితే పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ‘లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్’ ఉంటుంది, అందులో మ్యాగ్జిమం ఎంచుకోండి.

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, పెద్ద ఫైలు కాపీ చేసి, కాసేపు ఖాళీగా వదిలి, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ లాగ్‌లో ఏఈఆర్ ఎర్రర్లు (పీసీఐ ఎక్స్‌ప్రెస్ తప్పుల రిపోర్టులు) వస్తున్నాయేమో చూడండి. నాకు ఎస్ఎస్‌డీ దగ్గర వచ్చాయి. కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys) ఆ డివైస్ ఫోల్డర్‌లోని ‘లింక్’ కింద ఒక్కో స్టేట్‌కి ఒక్కో ఫైలు ఉంటుంది. ఎల్1.2 ఫైల్లో 0 రాసి, ఎల్1ని అలాగే ఉంచాను. ఎర్రర్లు ఆగాయి, మీటర్ 13 దగ్గర నిలిచింది. ఇలా రాసింది రీబూట్‌తో పోతుంది కాబట్టి బూట్‌లో నడిచే స్క్రిప్టులో పెట్టుకోండి.

కెర్నల్ బూట్ లైన్లో ఏఎస్‌పీఎంకి ‘ఫోర్స్’ పెట్టమని చాలామంది చెబుతారు. సపోర్ట్ లేదన్న మెషీన్ మీద అలా రుద్దితే మొత్తం హ్యాంగ్ కావచ్చు, దయచేసి వద్దు. ‘ఆఫ్’ అని పెట్టినా ఏఎస్‌పీఎం ఆగదు, బయోస్ పెట్టినదాన్ని కెర్నల్ ముట్టుకోకుండా వదిలేస్తుందంతే. నిజంగా ఆపాలంటే పాలసీని ‘పెర్ఫార్మెన్స్’ చేయండి.