బొగ్గు నూనెకు ఏమ్స్ పరీక్ష: ప్లేటు పోయకముందే చూసుకోవాల్సినవి

బొగ్గును ద్రవంగా మార్చి తీసిన ఇంధనంతో పెట్రోలుతో ఉన్నంత చనువు పనికిరాదు. ఎక్కువ వేడికి మరిగే భాగంలో బెంజోపైరీన్ లాంటి పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు, ఆరోమాటిక్ అమీన్లు ఉంటాయి, వీటిలో క్యాన్సర్ తెచ్చేవీ ఉన్నాయి. ఇలాంటి సరుకు డీఎన్ఏలో మార్పులు (మ్యుటేషన్లు) తెస్తుందా అని తేల్చేదే ఏమ్స్ పరీక్ష: హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాకు నమూనా కలిపితే, మ్యుటేషన్‌తో ఆ శక్తి తిరిగొచ్చినవి కాలనీలుగా పెరుగుతాయి. ఆ పరీక్షకు కూర్చున్న మనిషికే మొదటి ముప్పు.

నమూనాను కరిగించే డీఎంఎస్‌వో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం) చర్మంలోంచి ఇట్టే లోపలికి దిగుతుంది, తనలో కరిగినవాటినీ వెంట తీసుకుపోతుంది. నైట్రైల్ గ్లవ్స్ రెండు పొరలు వేసుకోండి. చుక్క పడితే అప్పటికప్పుడే పైపొర మార్చాలి. తూకం, పలుచన చేయడం ఫ్యూమ్ హుడ్‌లోనే. పని ముగిశాక లైట్లు ఆర్పి, 365 నానోమీటర్ల యూవీ దీపంతో బల్ల, పిపెట్ పిడి, తలుపు గడియ చూడండి. ఒలికినచోటు చాలావరకు నీలంగానో పచ్చగానో మెరుస్తుంది. బ్లీచ్‌తో తుడిస్తే సాల్మొనెల్లా చస్తుంది గానీ ఈ రసాయనాలు పోయాయని నమ్మడానికి లేదు. ఆటోక్లేవ్ చేసిన ప్లేట్లనూ మామూలు చెత్తలో కలపకుండా రసాయన వ్యర్థంగానే పంపాలి.

నమూనా గోధుమరంగు గాజు సీసాలో, గాలి బదులు నైట్రోజన్ నింపి, చల్లగా ఉంచాలి. వెలుగు, గాలి తగిలితే లోపలి సమ్మేళనాలు మారిపోతాయి, అప్పుడు మీరు పరీక్షించేది వేరే సరుకు.

ఒక్కో ప్లేటుకు 45 డిగ్రీల దగ్గర ఉంచిన టాప్ అగర్ (ప్లేటు మీద పైపొరగా పోసే పలుచటి జెల్లీ) 2 మిల్లీలీటర్లు, బ్యాక్టీరియా 0.1, ఎస్9 మిశ్రమం (కాలేయం నుంచి తీసిన ఎంజైముల సారం) 0.5, నమూనా ద్రావణం 0.1కి మించకుండా. టీఏ98, టీఏ100 అనే రెండు సాల్మొనెల్లా రకాలతోనూ, కనీసం ఐదు మోతాదులు, మోతాదుకు మూడు ప్లేట్లు. ఎస్9ను ఐసు మీదే ఉంచండి. ఈ సమ్మేళనాలను హానిచేసే రూపంలోకి మార్చేవి అందులోని కాలేయ ఎంజైములే, అవి చచ్చిపోతే ఇవి చాలావరకు అమాయకంగా కనిపిస్తాయి. అందుకే ఎంజైములు పనిచేస్తేనే పాజిటివ్ చూపే 2-అమైనోఆంత్రసీన్‌తో కంట్రోల్ ప్లేటు తప్పనిసరి.

చిక్క నూనె డీఎంఎస్‌వోలో పూర్తిగా కరగదు. బొట్లుగా తేలితే బ్యాక్టీరియాకు అందదు, ఫలితం ఉత్తుత్తి నెగెటివ్. అలాంటప్పుడు నూనెను డీఎంఎస్‌వోతో కలిపి ఊపి, అందులోకి దిగిన భాగాన్నే పరీక్షించాలి.

37 డిగ్రీల దగ్గర 48 గంటలయ్యాక కాలనీలు లెక్కపెట్టే ముందు కాలనీల వెనక పలుచగా పరుచుకున్న బ్యాక్టీరియా పొరను మైక్రోస్కోపులో చూడండి. అది చెదిరిపోయిందంటే నమూనా విషానికి బ్యాక్టీరియా చచ్చింది. మిగిలిన కొద్దిపాటివి అగర్‌లో కొద్దిగా కలిపి ఉంచిన హిస్టిడిన్ అంతా తామే తిని చిన్నచిన్న చుక్కలుగా పెరుగుతాయి. అవి మ్యుటేషన్లు కావు, ఆ లెక్క రాయకండి. మోతాదు తగ్గించండి, లేదా నూనెను ఆమ్ల, క్షార, తటస్థ భాగాలుగా విడదీసి చూడండి. అమీన్లు క్షార భాగంలోకి వస్తాయి.

ఏమ్స్‌లో ఏమీ తేలలేదని డ్రమ్ము మీది హెచ్చరిక లేబుల్ పీకేయకండి. బెంజీన్ ఈ పరీక్షలో సాధారణంగా నెగెటివే, మనుషుల్లో మాత్రం లుకేమియా తెస్తుంది.