నెల్లూరు నాణేల వెంట మూడు రోజుల రోమ్

పిల్లలు జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటే, వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు రోమ్ చూసి రావడం పెద్ద కష్టం కాదు. మా కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఇప్పుడు చాలామంది అమ్మానాన్నలు అలా వెళ్తున్నారు. బయల్దేరే ముందు నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. చూడాల్సిన చోట్ల జాబితాతో మొదలుపెట్టకండి. ఏ కథ కోసం వెళ్తున్నారో ముందు తేల్చుకోండి. మూడు రోజుల్లో రోమ్ మొత్తం చూడలేం, ఒక కథను మాత్రం పూర్తిగా చూడగలం.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పిన దాన్ని కాబట్టి నాకు ఆ కథ మన జిల్లాలోనే దొరికింది. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు కొండ పక్కన పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, కుండ నిండా రోమన్ బంగారు నాణేలు. పాపం అతను వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. మిగిలిన వాటి గురించి మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిపెట్టాడు. వాటిలో రోమ్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, మహారాణి ఫౌస్టీనా పేర్లున్న నాణేలు ఉన్నాయి. ఈ ముగ్గురి గుర్తులూ రోమ్‌లో ఇప్పటికీ నిలిచే ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లొచ్చు. మా మొదటి రెండు రోజుల ప్లాన్ ఈ మూడు పేర్ల చుట్టూనే అల్లుకున్నాం.

ముందు వీసా సంగతి. రోమ్ కోసం ఇటలీ వీసా విడిగా తీసుకోవాలేమో అని చాలామంది టెన్షన్ పడతారు. అక్కర్లేదు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి షెంగెన్ వీసా ఒకటే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉంటుంది కాబట్టి మేం జర్మనీకి పెట్టాం, రోమ్‌లో ఉండే రోజులు కూడా ప్రయాణ వివరాల్లో చూపించాం. ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. వేసవి సెలవులకైతే అపాయింట్‌మెంట్లు దొరకవు, సంక్రాంతి పోగానే పని మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా పాస్‌పోర్టుకు గడువు ఉండాలి.

సామాన్లలో నెయ్యి డబ్బా, చికెన్ పచ్చడి పెట్టకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు. ఆవకాయ, గోంగూర చెక్-ఇన్ బ్యాగులో పర్వాలేదు. అయితే పిల్లల ఊరి నుంచి రోమ్‌కు చిన్న బ్యాగుతో విమానం ఎక్కేటప్పుడు పచ్చడి కూడా ద్రవం లెక్కలోకే వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే చాలా ఎయిర్‌పోర్టుల్లో తీసి పక్కన పెట్టేస్తారు. తక్కువ టికెట్ విమానాల్లో బ్యాగు కొలతలు గట్టిగా చూస్తారు, ఇంట్లోనే టేపు పెట్టి కొలుచుకోండి.

నెల విషయంలో నా మాట వినండి. ఆగస్టు వద్దు. మన ఎండలు చూసినవాళ్లకు ఆ ఎండ ఒక లెక్కా అనిపిస్తుంది కానీ, పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలుండే ఫోరంలో నీడ ఉండదు, నేలంతా రాయి. పైగా ఆగస్టు 15 పండగ చుట్టూ చాలా కుటుంబాలు కొట్లు మూసుకుని ఊళ్లకు పోతాయి. అక్టోబరు, లేకపోతే మార్చి ఆఖరు బాగుంటాయి.

మొదటి రోజు కొలోసియం, ఫోరం. కొలోసియం టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, మామూలు టికెట్లు సుమారు నెల ముందు పెడతారు. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు చూస్తారు, కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి, పేరు అందులో ఉన్నట్టే కొట్టాలి. మన ఇంటిపేర్లతో ఇక్కడే తికమక వస్తుంది, పిల్లల చేత ఇంకోసారి సరిచూపించండి. అదే టికెట్‌తో ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకుని, కొలోసియం గంటన్నరలో ముగించి, మిగతా పూట ఫోరంకు ఇవ్వండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు.

ఫోరంలో ఫౌస్టీనా గుడి ముందు తీరిగ్గా నిలబడండి. భార్య ఫౌస్టీనా చనిపోయాక చక్రవర్తి ఆంటొనైనస్ ఆమె కోసం క్రీ.శ. 141లో కట్టించడం మొదలుపెట్టిన గుడి అది. ఆయన పోయాక ఆయన పేరు కూడా చేర్చారు. తర్వాత అందులో చర్చి వచ్చింది కాబట్టి స్తంభాలు కూలకుండా మిగిలాయి. తవ్వకాల్లో నేల కిందికి దిగిపోవడంతో చర్చి తలుపు ఇప్పుడు మనిషికి అందనంత ఎత్తులో కనిపిస్తుంది. కాలం ఎంత మట్టి పోసిందో పిల్లలకు చూపించడానికి దానికి మించిన పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. మన రైతు కుండ కూడా అలాంటి మట్టి కిందే కదా ఉంది.

అక్కడి నుంచి బయటికొచ్చి కాస్త నడిస్తే ట్రాజన్ స్తంభం. క్రీ.శ. 113 నాటిది. దీనికి టికెట్ లేదు, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. ఇప్పటి రొమేనియా ప్రాంతంలో ట్రాజన్ చేసిన యుద్ధాలన్నీ కింద నుంచి పైకి చుట్టూ తిరిగే శిల్పాల పట్టీలో చెక్కారు. దాన్ని విప్పి పరిస్తే సుమారు 200 మీటర్లు ఉంటుంది. పైన ఉన్నది మాత్రం ట్రాజన్ కాదు, 1587లో పెట్టిన సెయింట్ పీటర్ విగ్రహం. సాయంత్రం ఏటవాలు వెలుగులో బొమ్మలు బాగా తెలుస్తాయి. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి.

రెండో రోజు హాడ్రియన్‌ది. పాంథియాన్ ముందు అగ్రిప్పా పేరు చెక్కి ఉంటుంది. పాత గుడి కట్టించిన మనిషి పేరును హాడ్రియన్ అలాగే ఉంచాడు, మనం చూసే కట్టడం మాత్రం హాడ్రియన్ కాలంలో పూర్తయింది. గుమ్మటం అడ్డకొలత 43.3 మీటర్లు, నేల నుంచి పైదాకా ఎత్తు కూడా అంతే. ఇనుప కడ్డీ లేని కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇంతకు మించింది ఇప్పటికీ లేదు. పైకి పోయేకొద్దీ తేలిక రాళ్లు కలిపారు, పైన మధ్యలో కన్ను తెరిచి వదిలేశారు. వాన పడితే నీళ్లు లోపలికే పడతాయి, పోవడానికి నేలలో సన్నని రంధ్రాలు పెట్టారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు వెంట ఉంటే ఇక్కడ గంట కేటాయించండి. పక్కనే సాన్ లుయీజీ దేయ్ ఫ్రాంచెజీ చర్చిలో చిత్రకారుడు కారవాజ్జియో గీసిన మూడు బొమ్మలు డబ్బు కట్టకుండా చూడొచ్చు. సాయంత్రం సాంతాంజెలో వంతెన మీదికి వెళ్లండి. ఎదురుగా కనిపించే గుండ్రటి కోట హాడ్రియన్ తనకోసం కట్టించుకున్న సమాధి, ఆ వంతెన కూడా ఆయన వేయించిందే.

మూడో రోజు వాటికన్. మ్యూజియం గేటు, సెయింట్ పీటర్స్ చర్చి గేటు వేరువేరు, మధ్యలో పావుగంట నడక. మ్యూజియానికి ముందే టికెట్ కావాలి, చర్చికి టికెట్ లేదు, తనిఖీ వరస మాత్రం ఉంటుంది. నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మ్యూజియం ఉండదు. బుధవారం పొద్దున పోప్ దర్శనం ఉంటుంది కాబట్టి చర్చికి ఆ పూట వెళ్లొద్దు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరకు, చుడీదార్‌కు ఏ ఇబ్బందీ లేదు, నిక్కర్లేసుకున్న మగవాళ్లకే వస్తుంది.

తిండి గురించి నెల్లూరు నాలుకకు ఒక మాట. అర్రబియాతా అని అడగండి, టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసిన పాస్తా అది, రోమ్ వంటే. అమత్రిచానా చూడ్డానికి అలాగే ఎర్రగా ఉంటుంది కానీ అందులో పంది మాంసం ఉంటుంది. శాకాహారులు, చీజ్ వద్దనేవాళ్లు మరినారా పిజ్జా తీసుకోవచ్చు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ధర తక్కువ. నీళ్ల సీసా కొనక్కర్లేదు, వీధుల్లో ఎప్పుడూ పారే కుళాయిల నీళ్లు చల్లగా, బాగుంటాయి.

కాళ్లకు పాత, అలవాటైన బూట్లే వేసుకోండి. అక్కడి వీధుల్లో పరిచిన నల్లరాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న మా ఆయనకు మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి తప్పనిసరిగా పెట్టాం. బంగారం మ్యూనిక్‌లోనే వదిలేసి వెళ్లాను. తెర్మినీ స్టేషన్, మెట్రో, వాటికన్ వైపు వెళ్లే 64 నంబరు బస్సు, ఈ మూడు చోట్లా జేబుదొంగలు ఎక్కువ. పర్సు ముందువైపు పెట్టుకోండి.

తిరుగు టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. ఫియుమిచీనో అయితే తెర్మినీ నుంచి నేరుగా రైలు, 32 నిమిషాలు. చంపీనో అయితే ఎయిర్‌పోర్టు దాకా నేరుగా రైలు లేదు, బస్సు ఎక్కితే ట్రాఫిక్‌కు గంట అదనంగా పెట్టుకోండి. శుక్రవారం బయల్దేరుతుంటే రవాణా సమ్మె ఏమైనా ఉందేమో ముందు రోజే హోటల్లో అడగండి, సమ్మె తేదీలు అక్కడ ముందే ప్రకటిస్తారు.