తరగతి గది దొరకక ఆలస్యమవుతుంటే: నా అనుభవం

విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారం దాదాపు ప్రతి తరగతికీ ఆలస్యంగానే వెళ్లాను. టైంటేబుల్ చేతిలో ఉన్నా గది దొరికేది కాదు. ఫోనులో మ్యాప్ చూశాను, తోటివారి వెంట నడిచాను, పావుగంట ముందే బయలుదేరాను, ఏదీ కుదరలేదు. మ్యాప్ భవనం గుమ్మం దాకా తెస్తుంది తప్ప, లోపల దారి చూపదు.

శనివారం సాయంత్రం, భవనాలు ఇంకా తెరిచి ఉండగానే, సోమవారం తరగతులను కాగితం మీద రాసుకుని అదే వరుసలో నడిచాను. ప్రతి గది తలుపు దాకా వెళ్లాను. ఒక గది నుంచి మరో గదికి ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కనే రాశాను. అసలు చిక్కు అప్పుడు తెలిసింది. 214 లాంటి సంఖ్యలో మొదటి అంకె అంతస్తును సూచిస్తుంది. కానీ ఒక భవనంలో నేల అంతస్తును 0గా, పక్క భవనంలో 1గా లెక్కిస్తున్నారు! నేను ఇన్నాళ్లూ ఒక అంతస్తు తేడాతో వెతుకుతున్నానన్నమాట. ఏ భవనానిది ఏ లెక్కో కాగితం పైభాగాన పెద్దగా రాసుకున్నాను. తరువాత మిగిలిన రోజుల్లోని కొత్త గదులను మాత్రమే చూసి వచ్చాను.

సోమవారం అయిదు నిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను. ఎంత ఊరటో!

మీ దగ్గర అంకెల పద్ధతి వేరుగా ఉండవచ్చు. తరగతులన్నీ ఒకే భవనంలో ఉంటే ఇంత నడక అక్కరలేదేమో. మొదట్లో గదులు మారే అవకాశమూ ఉంది కాబట్టి, బయలుదేరే ముందు మీ విభాగం నోటీసు బోర్డు చూడండి.